తొమ్మిది మీదే ఆగిన గీత

తమ్ముళ్లూ, 2004లో విజయనగరంలో డీటీపీ నేర్చుకుంటూ మన టెన్త్ పిల్లలకి లెక్కల మోడల్ పేపరు నేనే కొట్టాను. పేజ్‌మేకర్‌లో తెలుగు బాగానే వచ్చింది. వర్గమూలానికి మాత్రం √ పెట్టి, పైగీత విడిగా గీశాను. 9+16 మొత్తం మీద ఉండాల్సిన ఆ గీత ప్రింటులో 9 మీదే ఆగింది. 5 రావాల్సిన చోట పిల్లలు 19 వేశారు. కీ ప్రకారం సున్నా!

వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్ వాడితే గీత దానంతటదే సాగేది. ఆ పాత ఎడిటర్‌ని మైక్రోసాఫ్ట్ 2018లో తీసేసింది. అందులో కొట్టినవి కనిపిస్తాయి. 2007 వర్డ్‌తో వచ్చిన కొత్తది ఇప్పటికీ ఉంది. లేటెక్ అయితే ఉచితం. ఫ్లవర్ బ్రాకెట్లలో ఏది రాస్తే దాని మీదికే గీత వస్తుంది. మొదటి వారం చుక్కలు చూపిస్తుంది లెండి! అయినా పరీక్ష పేపరు ఇప్పుడు అందులోనే కొడతాను.

ఆ బ్యాచి తమ్ముళ్లెవరైనా ఇది చదివితే, మీ మార్కు నేను బాకీ.