కాదనగల యుద్యోగము

మా రోలుగుంట వారికి ఆకాశమనగా వానమబ్బును వెదకుటకే పనికివచ్చెడిది. చెరకు వేసినవాడును, జీడిమామిడి పూతకు కావలియున్నవాడును తలయెత్తి చూతురు. పిదప తలవంచుకొని పనిలో పడుదురు. అట్టి యూర మా చెల్లెలి కుమార్తె విమానము నడుపుట నేర్చెదనన్నప్పుడు ఇంటిల్లిపాదియు నావంక జూచిరి. బడిపంతులుగా జీవితము గడపినవాడను గాన న్యాయము చెప్పు భారము నాపై బడినది. నేను సరే యంటిని.

మన దేశమున వాణిజ్య చోదకుల లైసెన్సు రావలెనన్న భౌతికశాస్త్రము, గణితము చదివి, వైద్యపరీక్షయందు నెగ్గి, 200 గంటలు గగనమున గడపవలెను. ఆ గంటలను కొనుటకు మా బావ మెట్టభూమిని తాకట్టు పెట్టెను. లైసెన్సు వచ్చినది, వడ్డియు వెంటనే వచ్చినది.

అప్పుడు రెండు త్రోవలు కనబడినవి. ఒకటి, ప్రయాణికులను కొనిపోవు పెద్ద విమానసంస్థ. అందు పిలుపు వచ్చువరకు కాచుకొనవలెను. రెండవది, ఒక వ్యాపారసంస్థ తన యజమానుల కొరకు ఉంచుకొన్న చిన్న విమానము. అందు ఉద్యోగము సిద్ధముగా నున్నది. నేను కాగితముపై జీతమును, వడ్డిని లెక్కించి రెండవదానిలో చేరుమంటిని. జీతము తప్ప మరియొకటి లెక్కింపవలయునన్న తలంపే నాకు రాలేదు.

పెద్దసంస్థలలో సుఖమే కలదని నేననను. రాత్రిప్రయాణములు, నిద్రలేమి అచ్చటను గలవు. 2024 జనవరిలో ప్రభుత్వమువారు అట్టి చోదకుల వారపు విశ్రాంతిని 36 గంటలనుండి 48 గంటలకు పెంచుచు నిబంధనలు చేసిరి. అవి పూర్తిగా అమలులోనికి వచ్చిన 2025లో, డిసెంబరు నెలయందు వేలకొలది విమానప్రయాణములు రద్దయినవి. మనుష్యుని నిద్రకు చోటిచ్చునంతమంది చోదకులను సమకూర్చుకొనకపోవుట యందుకొక ముఖ్యకారణము. అయినను అచ్చట పనివేళల పట్టిక యొకటి ముందుగా చేతికందును. వ్యాపారసంస్థలో యజమాని పిలుపే పట్టిక. ఒక్కొక్క వారము ఇంటనే యుండవచ్చును; ఒక్కొకనాడు అన్నము ముందు కూర్చున్నప్పుడు ఫోను మ్రోగును. గంట యెగిరి, ఏడు గంటలు ఎదురుచూచుట, అతిథుల పెట్టెలు మోయుట, ఫలహారములు సరిచూచుట. ఇదియంతయు చోదకుని పనియే.

ఈ త్రోవ స్త్రీలకు క్రొత్తది కాదు. 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ పలుసంస్థలు కాదన్న పిదప మన హైదరాబాదు కేంద్రముగా నడచిన డెక్కన్ ఎయిర్‌వేస్‌లో చేరెను. సహచోదకురాలుగానే కాని విమానాధిపత్యము నీయనందున దానిని వీడి, ఘనశ్యామదాస్ బిర్లా సొంత విమానమునకు చోదకురాలయ్యెను. సంస్థ ఈయని గౌరవము ఒక్కొకప్పుడు ఇట్టి కొలువున దొరకును. దొరకనిచోట ఏమగునో మా పిల్ల చూచినది.

ఒక వర్షాకాలపు సాయంకాలము. యజమాని బంధువుల వివాహమునకు పోవలెను, ముహూర్తము దాటరాదు. దారిలో ఉరుములమబ్బు గోడవలె నిలిచియున్నది. పెద్దచోదకుడు ముందుగా ఈమెనడిగెను, "నీవేమందువమ్మా?" అని. ఈమె "వద్దండి" అన్నది. ఆయనయు నదే చెప్పెను. "మీరు నడుపకున్న నడుపువారు లేకపోరు" అని యజమాని పలికెను. మరునాటి యుదయము తేటపడిన ఆకాశమున క్షేమముగా దించిరి. మూడునెలలలో ఈమె సేవ అక్కరలేదన్న జాబు వచ్చినది.

ఆ రాత్రి ఫోనులో చెప్పినప్పుడు నా నోటివెంట వచ్చిన మొదటి మాట, "మరి వాయిదా సంగతేమమ్మా?" అని. కొంతసేపు ఆమె మాటాడలేదు. పిదప, "మామయ్యా, నేను బ్రతికియున్నందుకు కదా వాయిదా అడుగుచున్నారు" అన్నది. నలువురు పిల్లలకు బుద్ధులు చెప్పిన నోరు ఆనాడు మూతబడినది.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టరు వానమబ్బులలో నల్లమల కొండలపై కూలి అయిదుగురు మరణించిరి. ఆనాడు లోపల ఎవరేమి తలచిరో చెప్పుటకు నేనెవడను? కాని కొండకు, మబ్బునకు హోదాల భేదము లేదని మాత్రము తెలియును. ప్రయాణమున కడపటి నిర్ణయము ప్రధానచోదకునిదేయని అంతర్జాతీయ నియమము. నియమము పుస్తకమున నుండును. జీతము యజమాని చేతనుండును. ఈ రెంటి నడుమ నిలిచి కాదనుటకే ధైర్యము కావలెను.

పెండ్లిసంబంధమువారు వచ్చి, "అమ్మాయి రాత్రులు ఇంటనుండునా?" అని యడిగిరి. ఆ ప్రశ్న మగవాని నడిగినవారిని నేనెరుగను. "అబ్బాయి వండుకొనగలడా?" అని మా చెల్లెలు తిరిగి యడిగినది. సంబంధము కుదరలేదు, మా చెల్లెలిపై నాకు గౌరవము పెరిగినది.

ఇప్పుడు మా పిల్ల మరియొక సంస్థలో కొంత తక్కువ జీతమునకు చేరినది. చేరకముందే, "వాతావరణము బాగులేదని చోదకులన్ననాడు ఇచ్చట ఎవరి మాట చెల్లును?" అని యడిగినదట. తాకట్టు ఇంకను తీరలేదు. మా యూరి యువకులు ఉద్యోగముల విషయమై నాయొద్దకు వత్తురు. మునుపు "ఎంత యిత్తురు?" అని యడిగెడివాడను. ఇప్పుడు దానితోపాటు, "అచ్చట కాదనవచ్చునా?" అని కూడ అడుగుచున్నాను.