కొత్త మనిషి... పాత పేరు!

ఒడిశా కొండల్లో పుట్టిన వంశధార శ్రీకాకుళం జిల్లాను దాటుకుంటూ వచ్చి కళింగపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్కడితో ఆ పేరు అయిపోతుంది. ఆ తర్వాత అంతా సముద్రమే! మరి కొత్త విశ్వాసంలోకి అడుగుపెట్టిన మనిషి సంగతేంటి? పాత పేరూ, పాత చుట్టరికాలూ, తాతముత్తాతల జ్ఞాపకాలూ అన్నీ వదిలేయాల్సిందేనా? పిల్లలకు క్రైస్తవ విశ్వాసం నేర్పే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్న ఇది. దానికి సిక్కోలు సీమ దాదాపు రెండొందల ఏళ్ల కిందటే ఓ జవాబు చెప్పింది.

అన్ని మతాల తీరం

కళింగపట్నం అనగానే అందరికీ గుర్తొచ్చేది లైట్‌హౌస్. బ్రిటిష్‌వారి కాలంలో ఇక్కడికి సరుకుల ఓడలు వచ్చేవి. ఇప్పుడా రేవు లేదు. విశాలమైన ఇసుక తీరం, చేపల పడవలు, ఆదివారం సాయంత్రాల్లో పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు... ఇదీ నేటి కళింగపట్నం. ఊళ్లో దర్గా ఉంది. విష్ణుమూర్తిని కూర్మరూపంలో కొలిచే శ్రీకూర్మం కూడా ఇదే గార మండలంలో ఉంది.

ఐదారు కిలోమీటర్లు వెళితే వంశధార ఒడ్డున కొండ మీద శాలిహుండం. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దం నుంచి వెయ్యేళ్లకు పైగా బౌద్ధం వర్ధిల్లిన చోటు. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది ఎవరో కాదు, వాడుక భాష కోసం జీవితాన్ని ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులు! స్తూపాలతో పాటు తార, మారీచి వంటి విగ్రహాలూ ఇక్కడ దొరికాయి. అంటే, బౌద్ధం కూడా ఈ కొండ మీద ఒకే రూపంలో ఉండిపోలేదన్నమాట. కొత్త నమ్మకాలు రావడం, అవి ఈ నేల మాటనీ తీరునీ పట్టుకుని నిలబడటం ఈ తీరానికి కొత్తేమీ కాదు.

పురుషోత్తముడే... కానీ!

గిడుగు పనిచేసిన పర్లాకిమిడికి దగ్గర్లోని మదనాపురంలో 1803లో ఓ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు పురుషోత్తం చౌదరి. శ్రీకాకుళంలో ఉన్న హెలెన్ నాట్ అనే మహిళ ద్వారా క్రైస్తవ బోధకు దగ్గరయ్యాడు. 1833లో కటక్‌లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ రోజుల్లో అది చిన్న విషయం కాదు. ఇల్లూ, కులం, బంధువులూ అందరితో తెగతెంపులకు సిద్ధపడాల్సిన నిర్ణయం. తర్వాత బోధకుడయ్యాడు. కులాచారాలను ప్రశ్నిస్తూ పుస్తకం కూడా రాశాడు. 1890లో కన్నుమూశాడు.

ఇంత మారిన మనిషి ఒక్కటి మాత్రం మార్చుకోలేదు... తన పేరు! పురుషోత్తముడంటే సాక్షాత్తూ విష్ణువు. ఆ పేరుతోనే బోధించాడు, ఆ పేరుతోనే పాటలు కట్టాడు. విశాఖలో లండన్ మిషన్‌లో చేరిన పులిపాక జగన్నాథమూ అంతే. చివరిదాకా జగన్నాథమే.

చౌదరి కీర్తనలు ఇప్పటికీ తెలుగు చర్చిల్లో వినిపిస్తూనే ఉంటాయి. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. మన భజనల్లో, హరికథల్లో వినిపించే బాణీలే. చెప్పే విషయం కొత్తది, చెప్పే గొంతు మాత్రం తాతలనాటిదే! ఆదివారం పొద్దున్నే అమ్మ పక్కన నిలబడి ఆ కీర్తన పాడే పిల్లాడికి తెలియకుండానే ఓ పాఠం అందుతోంది: విశ్వాసం మారినా భాష పోదు, బాణీ పోదు, ఊరు పోదు.

జక్కయ్య పాఠం

ఆదివారం బడి... అదే సండే స్కూల్. 1780లో ఇంగ్లాండులోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ పేదింటి పిల్లలకు చదువు చెప్పడానికి నడిపిన బడులతో ఇది ప్రాచుర్యంలోకి వచ్చింది. వేసవి సెలవుల్లో జరిగే వీబీఎస్‌కు 1898 నాటి న్యూయార్క్ తరగతులు మూలం. ఎండాకాలం వస్తే చాలు, మన చర్చిల్లోనూ అభినయ గీతాలూ, కంఠత వాక్యాలూ, రంగుల బొమ్మలతో పిల్లల సందడే సందడి. ‘క్రీస్తులో కొత్త మనిషి’ అనే పాఠం రాగానే గొంగళిపురుగు, సీతాకోకచిలుక బొమ్మలు గోడకెక్కుతాయి.

బొమ్మ బాగానే ఉంటుంది. కానీ పిల్లలు దాన్ని ఎలా అర్థం చేసుకుంటారన్నదే ముఖ్యం. ‘మనం సీతాకోకచిలుకలం, పక్కింటివాళ్లు గొంగళిపురుగులు’ అనుకుంటే మాత్రం పాఠం తలకిందులైనట్లే!

అందుకే జక్కయ్య కథ మంచిది. తెలుగు బైబిల్‌లో ఆ పేరు మన ఊరి పేరులాగే ఉంటుంది. పొట్టివాడు, పన్నులు వసూలు చేసేవాడు, యేసును చూడ్డానికి మేడిచెట్టెక్కాడు. ఆ తర్వాత అతనేం చేశాడు? పేరు మార్చుకోలేదు. ఆస్తిలో సగం పేదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదాన్ని నాలుగింతలు తిరిగిస్తానన్నాడు. మారింది లెక్కల పుస్తకం!

‘సౌలు మారిన రోజే పౌలయ్యాడు’ అని చాలామంది చెబుతుంటారు. అపొస్తలుల కార్యాల్లో అలా లేదు. దమస్కు దారిలో అతను మారింది 9వ అధ్యాయంలో. పౌలు అన్న పేరు మనకు కనిపించేది 13వ అధ్యాయంలో, అదీ ‘సౌలుకు ఉన్న మరో పేరు’గా. అంతదాకా సౌలుగానే పనిచేశాడు.

కాగితం మీద మరో పేరు

గుర్తింపు గుండెలో ఉంటే సరిపోదు, మన దేశంలో అది కాగితం మీదా ఉండాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్నవారికి అది లేదు. ఎస్సీ కుటుంబాల నుంచి క్రైస్తవులైనవారిని ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-సి కింద లెక్కిస్తారు, రిజర్వేషన్ ఒక శాతం.

దీంతో కొన్ని ఇళ్లలో పిల్లలకు చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. ఆదివారం ‘అబద్ధమాడకూడదు’ అని నేర్పిన పెద్దలే సోమవారం ‘బడిలో మన సంగతి చెప్పకు’ అంటే పదేళ్ల పిల్లాడు ఏమనుకోవాలి? ఇది ఒక్క ఇంటి తప్పని తీర్పు చెప్పడం తేలిక. ఊరు చివరి పేట నుంచి బయటపడదామని గుడి మారిన కుటుంబాన్ని పేట వదల్లేదు, చదువుకు ఆసరా మాత్రం తగ్గింది. వయసు వచ్చాక పిల్లలకు ఈ చట్టం ఏమిటో ఉన్నదున్నట్లు చెప్పడమే మేలు. దాచిపెడితే వాళ్లకు మిగిలేది సిగ్గు ఒక్కటే.

ఇంట్లో ఎలా చెప్పాలి?

ఉత్తరాంధ్రలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ నాటిన సంఘాలు చాలా ఉన్నాయి. బాప్టిస్టులు పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగి, తనంతట తాను విశ్వాసం ఒప్పుకున్నాకే నీళ్లలో ముంచుతారు. క్యాథలిక్, లూథరన్, సీఎస్ఐ చర్చిల్లో పసివయసులోనే బాప్తిస్మం ఇచ్చినా, ఆ విశ్వాసాన్ని ఎదిగాక తన నోటితో ఒప్పుకునే ఘట్టం వేరే ఉంటుంది. పద్ధతులు వేరైనా చివరికి ఒప్పుకోవాల్సింది ఆ బిడ్డే. పెద్దల పని దారి చూపించడం, తోసెయ్యడం కాదు.

పిల్లల ప్రశ్నలు మాత్రం ఆగవు. ‘మామ్మ గుడికెళ్తుంది కదా, దేవుడికి కోపమా?’, ‘గ్రామదేవత పండగనాడు వాళ్లింట్లో పెట్టింది తినొచ్చా?’ రెండోదాని మీద పౌలు కొరింథీయులకు ఏకంగా ఒక అధ్యాయమే రాశాడు. ఇవాళ్టికీ సంఘాల మధ్య ఏకాభిప్రాయం లేదు. తినాలో వద్దో మీ ఇంట్లో మీరే తేల్చుకోండి. కానీ వద్దనుకున్నా, పెట్టిన చెయ్యిని చిన్నబుచ్చకుండా చెప్పడం నేర్పండి. మామ్మ విషయంలో అయితే జవాబు ఇంకా సులువు: వెళ్లి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పించుకోమనండి. పురుషోత్తం పేరు పెట్టింది కూడా ఓ మామ్మో, తాతో అయ్యుంటారు!

ఎలా వెళ్లాలి?

విశాఖ-హౌరా రైలు మార్గంలో శ్రీకాకుళం రోడ్ (ఆమదాలవలస) స్టేషన్‌లో దిగి శ్రీకాకుళం చేరుకోవాలి. అక్కడి నుంచి కళింగపట్నం పాతిక ముప్ఫై కిలోమీటర్లు. పొద్దున్నే శాలిహుండం కొండెక్కి, ఎండ తగ్గాక తీరానికి వస్తే బాగుంటుంది. నది సముద్రంలో కలిసే చోట పిల్లలను నీళ్లలోకి దిగనివ్వకండి. ఒడ్డున కూర్చోబెట్టి పురుషోత్తం చౌదరి కథ చెప్పండి. మీది ఏ మతమైనా సరే!