రాని తుఫాను

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గణాంక శాస్త్రంతో ఏం పని అంటారేమో! విశాఖపట్నంలో కాపురమున్నవాడికి తప్పదు లెండి. అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే సముద్రమే ఆ పాఠం చెప్పిపోతుంది.

శాస్త్రజ్ఞులు ముందుగా "విశేషమేమీ లేదు" అనే ఊహతో మొదలుపెడతారు. సాక్ష్యం బలంగా ఉంటేనే దాన్ని తోసిపుచ్చుతారు. అందులో రెండు తప్పులకు తావుంది. రాని తుఫాను వస్తుందనడం మొదటి రకం. వచ్చే తుఫాను రాదనడం రెండో రకం. నేమన్, పియర్సన్ అనే ఇద్దరు పండితులు 1933లో ఈ సంగతి విడమరిచి చెప్పారు. ఉన్న సాక్ష్యంతోనే ఒక తప్పును తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. ఎటు మొగ్గాలో లెక్క చెప్పదు. ఏ తప్పుకు ఎంత నష్టమో మనుషులే తూచుకోవాలి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చెప్పినట్టే వచ్చి మా ఊరిమీద పడింది. ముందే హెచ్చరించబట్టి ఎన్నో ప్రాణాలు దక్కాయి. 2021 డిసెంబరులో జవాద్ వస్తోందన్నారు. బళ్ళకు సెలవిచ్చారు. ఉత్తరాంధ్ర తీరంలో వేలమందిని పునరావాస కేంద్రాలకు తరలించారు. అది కాస్తా సముద్రంలోనే నీరసించి ఒడిశా వైపు మళ్ళింది.

గండం గడిచిందని మేమంతా సంతోషించాం. వారం పోయాక మా వీధికి చేపల గంప తెచ్చే ఆవిడ వచ్చింది.

"ఏటి బాబూ, గాలి నేదు, వాన నేదు. నాల్రోజులు పడవ ఎల్నేదు. మా పొయ్యిలో పిల్లి నెగనేదు" అంది.

"నిజంగా వచ్చి ఉంటేనో?" అన్నాను.

"వొత్తే పేణాలు పోతాయి, నాకు తెల్దా? ఎల్లొద్దంటే ఎల్లం. ఎల్లని రోజుకి కూడెవుడెడతాడు?"

ఆవేళ మా ఆవిడ బేరమాడలేదు.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన బెట్టుకుంది. అది తలచుకుంటే నా ఓటు ఎప్పుడూ హెచ్చరికకే. పోయిన ప్రాణం తిరిగి రాదు కదా! కాని మొదటి రకం తప్పు చిన్నదని అనేది ఎవరు? నెల జీతాలవాళ్ళం మనం. మనకది సెలవు; ఆ ఇంట్లో పస్తు. నాలుగుసార్లు పస్తున్నవాడు అయిదోసారి హెచ్చరిక వినకుండా పడవ తోస్తే, ఆ తుఫాను నిజమైనదైతే?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధానికి ప్రభుత్వం భృతి ఇస్తోంది. హెచ్చరిక రోజుల కూలికీ అలాగే ఒక లెక్క ఉండాలి. రాని తుఫాను ఖర్చు ఊరంతా పంచుకోవాలి గాని, జాలరిపేట ఒక్కటే మోయడం న్యాయం కాదు.