పేరు లేని జబ్బు

మా సీమలో ఆడవాళ్ళ జబ్బులకు ఉన్న పేర్లే తక్కువ. తెల్లబట్ట, ఎర్రబట్ట, గర్భసంచి జారడం... అవైనా చెవిలో చెప్పుకునేవే. రెక్టోవెజైనల్ ఫిస్టులాకైతే ఆ చెవిలో మాట కూడా లేదు. భగందరం వేరు. ఇది పురీషనాళానికీ యోనికీ మధ్య గోడకు చిల్లు పడటం. గాలీ మలమూ యోనిలోంచి వస్తాయి. ఆపుకోవడం ఆమె చేతిలో ఉండదు. ఈ నాలుగు వాక్యాలు రాయడానికే నాకింత జంకుగా ఉంటే, ధర్మవరంలో మా చిన్నమ్మ కూతురు ఎవరితో చెప్పుకోగలదు?

తొలికాన్పులో మలద్వారం దాకా చీరుకుపోయింది. వేసిన కుట్లు వారానికే చీము పట్టి విడిపోయాయి. "పుండు అదే మానుతుంది" అన్నారు. మానలేదు. తర్వాత ఒకచోట చేసిన ఆపరేషన్ కూడా నిలవలేదు. అలా నిలవకపోతే డాక్టర్లు దాన్ని సంక్లిష్టమైన ఫిస్టులా అంటారు. పెద్దపేగు జబ్బు వల్లా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ వల్లా కూడా ఇది వస్తుంది.

అత్తగారింట్లో మగ్గం ఉంది. పట్టుకు మైల తగులుతుందని ఆమెను మగ్గం గుంతలోకి దిగనివ్వలేదు. వసారాలో ఓ మూల కూర్చుని కండెలు చుట్టేది. ఒంటిపూట తినడం మొదలుపెట్టింది. తినకపోతే బయటికి రాదు కదా అని! హిందూపురంలో మా ఇంటికి రైల్లో వచ్చేటప్పుడు పెనుకొండ దాటినా తలుపు దగ్గరే నిలబడేది. "కూచో మే" అంటే, "వద్దులేక్కా, ఈడ గాలి బాగుండాది" అనేది. అది గాలి కోసం కాదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆమెకూ తెలుసు.

చివరికి బెంగళూరులో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ ఆమెను చూసింది ఒక్క డాక్టరు కాదు. పేగుల సర్జన్, స్త్రీల వైద్యురాలు, ప్లాస్టిక్ సర్జన్, ఆహారం చెప్పే ఆమె, కటి కండరాలకు వ్యాయామం నేర్పే ఆమె, మనస్తత్వవేత్త, అందరూ కలిసి కూర్చున్నారు. మొదట పొట్ట మీద దారి చేసి మలం సంచిలోకి వచ్చేలా చేశారు. వాపు తగ్గేదాకా నెలల తరబడి ఆగారు. ఆ తర్వాతే తొడ నుంచి కండరం తెచ్చి, రెండు గోడల మధ్య అడ్డంగా పెట్టి కుట్టారు. గాయం మానిందని పరీక్షించుకున్నాకే పొట్ట మీది దారి మూశారు.

కత్తి పట్టకముందే మనస్తత్వవేత్త ఆమెను అడిగిందట, "నీకు ఏది తిరిగి కావాల?" అని. కాపురం అంటుందనుకున్నాం మేమంతా. ఆమె మాత్రం "మగ్గం కాడ కూచోవల్ల" అంది. అన్నేళ్ళలో ఆమెను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. భర్తనూ పిలిపించి, ఎన్నాళ్ళు ఆగాలో, నొప్పి అంటే ఏమిటో, మరో కాన్పు అయితే సిజేరియన్ ఎందుకో ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు.

ఈ వైద్యపు చరిత్రలో ఆ ప్రశ్నకు చోటే లేదు. 1840లలో అమెరికాలోని మాంట్‌గోమరీలో మేరియన్ సిమ్స్ అనే డాక్టరు అనార్కా, లూసీ, బెట్సీ అనే నల్లజాతి బానిస స్త్రీల మీద మత్తు లేకుండానే ఫిస్టులా ఆపరేషన్లు నేర్చుకున్నాడు. అనార్కా ఒక్కదానికే ముప్ఫై దాకా చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోంచి అతని విగ్రహాన్ని 2018లో గానీ తీయలేదు. ఇంకో చరిత్రా ఉంది. ఇథియోపియాలో హామ్లిన్ దంపతుల దగ్గరికి రోగిగా వచ్చిన మామితు గాషే, బడి చదువు లేకుండానే ఫిస్టులా సర్జన్ అయింది. ఆ దంపతులు 1974లో అడిస్ అబాబాలో ఈ జబ్బు కోసమే ఆసుపత్రి తెరిచారు.

మా చెల్లెలు ఇప్పుడు మగ్గం నేస్తోంది. చిల్లు పూడింది. కానీ పక్కన ఎవరైనా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే చాలు, ఆమె చేతులు ఆగిపోతాయి. ఆ భయానికి ఇంకా వైద్యం జరుగుతూనే ఉంది, జరగాలి కూడా. శస్త్రచికిత్స అయిపోగానే ఫైలు మూసేస్తే సగం జబ్బు ఇంట్లోనే మిగిలిపోతుంది.

కాన్పయ్యాక 42 రోజుల దాకా ఆశా కార్యకర్తలు ఇంటికొచ్చి బిడ్డ బరువు తూస్తారు. తల్లిని కూడా పక్కకు తీసుకెళ్ళి, "గాలి గానీ దొడ్డికి గానీ ముందునుంచి వస్తాందా అమ్మా?" అని ఒక్క మాట అడగాలి. మనం రాసేవాళ్ళం, చదువు చెప్పేవాళ్ళం. ఆ మాటను జంకు లేకుండా అనగలిగే తెలుగును తయారు చెయ్యాల్సింది మనమే కదా!