కమ్మరి కొలిమి కడ కల్యాణము

ఇంగ్లండు దేశపు టుత్తరపు కొసను సార్కు అను చిన్న యేరు గలదు. దానిని దాటినచో స్కాట్లండు. ఆ దారిని ఏటి కవతల మొట్టమొదట దగులు పల్లె గ్రెట్నా గ్రీను. కొండలు గాని, కోటలు గాని యా యూరికి బేరు తెచ్చినవి కావు. 1713 ప్రాంతమున గట్టిన యొక కమ్మరి కొలిమి, అందలి దాగలి, ఇవియే దానికి లోకప్రసిద్ధిని గలిగించినవి. తలిదండ్రులకు జెప్పక పాఱిపోయి వచ్చిన కన్యావరులకు నూఱేండ్లకు బైగా నదియే కల్యాణమంటపమయ్యెను.

దీనికి గారణ మొక చట్టము. 1754లో నమలులోనికి వచ్చిన హార్డ్విక్ ప్రభువు చట్టముచే నింగ్లండున వివాహము చర్చిలో జరుగుట విధియయ్యెను. ఇరువదియొక్క యేండ్లు నిండనివారు లైసెన్సుపై వివాహమాడవలెనన్న దండ్రి యనుమతి కావలెను. లేనిచో మూడాదివారములు చర్చిలో బెండ్లివార్త చాటింపవలెను. చాటించిన నింటివారికి దెలియకుండునా? స్కాట్లండున కీ చట్టము వర్తింపలేదు. అచట బండ్రెండేండ్ల బాలికయు, బదునాలుగేండ్ల బాలుడును ఇద్దఱు సాక్షుల యెదుట “మేము దంపతులము” అన్న జాలును.

సోదరీమణులారా, మనమును ఊహారథ మెక్కి యా త్రోవ బోయి చూతము. లండను నుండి గ్రెట్నాకు సుమారు 320 మైళ్లు. వెనుక దండ్రి తఱుముచుండును గనుక రాత్రింబవళ్లు గుఱ్ఱములను మార్చుచు బోవలయును. జంట గుఱ్ఱములకు మైలొక్కింటికి షిల్లింగు, అంతకు మించియు నగును. వేగము గోరి నాలుగు గుఱ్ఱములను గట్టిన రెట్టింపు. దారిసుంకములు, బండివాండ్ర బహుమానములు వేఱు. ముప్పది పౌనులకు బైగా దారిలోనే కరగిపోవును. ఆ కాలమున సామాన్యపు బనికత్తెకు ఏడాది జీతము పది పౌనులలోపే! కొలిమి కడ బెండ్లి జరుపువాడు, బండివాడు చెవిలో నూదిన మాటను బట్టి రుసుము నిర్ణయించునట. వారిలో బెక్కురు కమ్మరులే కారు.

అయిన నీ వ్యయము లెక్కలోనిది కాదు. అసలు వెల చెల్లించినది వధువు. ఆ నాటి యింగ్లీషు న్యాయముచే భార్య సొమ్మెల్ల భర్తదే. 1870, 1882 సంవత్సరముల చట్టములు వచ్చువఱకు నామె సంపాదన గాని యాస్తి గాని యామెది కాదు. అందుచే గలవారు పెండ్లికి ముందే కూతున కింతయని పత్రము వ్రాయించి, మన స్త్రీధనము వంటి రక్షణ గల్పించెడివారు. అర్ధరాత్రి బండి యెక్కిన పిల్లకు బత్రమెక్కడిది?

1782లో లండను బ్యాంకరు రాబర్టు చైల్డు కుమార్తె సారా, పదునేడేండ్ల ప్రాయమున, వెస్టుమోర్లండు ప్రభువుతో గ్రెట్నాకు బోయి వివాహమాడెను. తండ్రి వెంట దఱిమించియు నాపలేకపోయెను. రెండు నెలలకే యాయన గతించెను. తన ధనము అల్లుని బిరుదు నందు వారసునకు జెందకుండునట్లు వీలునామా వ్రాసిపోగా, అది తుదకు మనుమరాలికి దక్కెను. సారా ముప్పది నిండకయే 1793లో మరణించెను.

ఇంతకన్న గఠినమైనది ఎలెన్ టర్నరు కథ. 1826లో ఎడ్వర్డు గిబ్బన్ వేక్‌ఫీల్డు అనువాడు, తల్లికి జబ్బని కబురంపి, యీ పదునైదేండ్ల బాలికను బడినుండి రప్పించెను. పిమ్మట తండ్రి దివాలా తీయనున్నాడనియు, దానిని బెండ్లాడిననే యాయన గట్టెక్కుననియు నమ్మించెను. తండ్రిపై ప్రేమచేతనే యాపిల్ల గ్రెట్నాలో దల యూపెను! బంధువులు కాలేలో నామెను గనుగొని విడిపించిరి. వానికి మూడేండ్ల చెఱ పడెను. 1827లో బార్లమెంటు ప్రత్యేక చట్టముచే నా పెండ్లిని రద్దుపఱచెను. మఱుసటి యేడు వేఱొకరిని వివాహమాడిన ఎలెన్, 1831లో బ్రసవవేళ గన్నుమూసెను. అప్పటి కామెకు బందొమ్మిదేండ్లు.

మన శకుంతల గాంధర్వమునకు సాక్షులు లేకపోవుటచే నిండుసభలో నవమానము పాలయ్యెను. గ్రెట్నాలో సాక్షు లిద్దఱుండిరి. కాని వారు పెండ్లి జరిగెననుటకే సాక్షులు, పిల్ల మేలునకు గారు.

1856 నాటి చట్టము, దంపతులలో నొకరైనను మూడు వారములు స్కాట్లండున నివసింపవలెనని విధించి యీ పరుగును మందగింపజేసెను. 1940లో నోటిమాట పెండ్లిండ్లే యంతరించెను. నేడును వేలకొలది జంటలు వేడుకకై యచట వివాహమాడుచున్నవి. వెనుక దఱుము బండ్లు లేవు.

ఆ దాగలి కథ వినినపుడు బాఱిపోయిన పిల్లను నిందింపబోవుదుము. ఆమె మనస్సు నడుగని యిల్లును, ఆమె సొమ్ము నామెది కాదన్న చట్టమును గూడ దలచుట న్యాయము. మన యిండ్లలో బిల్లలు మనసులోని మాట మనతోనే చెప్పుకొనగలిగిన నాడు, ఏ యేరును దాటవలసిన పని యుండదు.