పిల్లల్ని చూపించి రావాలి

మా వైపు ఎవరు దూరదేశం వెళ్లినా ఆ ప్రయాణానికి ముందు ఇంకో ప్రయాణం ఉంటుంది. పిల్లలుంటే మరీనూ. విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా రైలు పట్టాల పొడుగునా ఉన్న చుట్టాలందరికీ వాళ్లని చూపించి రావాలి. పొద్దున్న ఒక ఇల్లు, భోజనానికి ఒకటి, సాయంత్రం టీకి మరో రెండు. ఎవరింటికి ముందెళ్లారు, ఎవరింట్లో చెయ్యి కడిగారు అన్న లెక్క మనం మరిచిపోయినా వాళ్లు మరిచిపోరు.

నాకు డ్రెస్డెన్‌లో చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది. వీసాకి కాగితాలు కూడబెడుతున్నాం. ఉద్యోగం నాది, వెంట వచ్చేది మా ఆయనా పిల్లలూ. ఈ వరస చాలామందికి మింగుడుపడలేదు. "అల్లుడు గారికి ఏ కంపెనీలోనమ్మా?" అని అడిగి, జవాబు విన్నాక "అలగా" అని ఊరుకునేవారు. బ్లూ కార్డు అనే ఉద్యోగ అనుమతి మీద వెళ్లినవాళ్ల భర్తయినా భార్యయినా అక్కడ ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చనీ, ముందుగా జర్మన్ పరీక్ష కూడా రాయక్కర్లేదనీ ఆయనే ఓపిగ్గా చెప్పేవాడు. నేను కల్పించుకునేదాన్ని కాదు.

అమ్మ రాసిన జాబితా కాగితానికి రెండు వైపులా నిండింది. అందులో సగం పేర్లు కొట్టేయమన్నాను. మా పెద్దదానికి ఆరేళ్లు, అది గుమ్మంలో అడుగుపెట్టిన క్షణం నుంచి ఎవరితోనైనా మాట్లాడుతుంది. చిన్నోడికి ఏడాదిన్నర. కొత్త మొహం కనిపిస్తే నా మెడ పట్టుకుని వదలడు. వాణ్ని రోజుకి నాలుగిళ్లు తిప్పితే నలుగురికీ చూపించేది వాడి ఏడుపే. ఇళ్లు తగ్గించి, ఉన్న ఇళ్లలో రాత్రి పడుకుందాం అన్నాను. అమ్మ ఒప్పుకుంది గానీ బొబ్బిలి పెద్దమ్మ పేరు దగ్గర కలం ఆగిపోయింది. "అదేటనుకుంటాదో" అంది. అనుకుంటుందని నాకూ తెలుసు.

విజయనగరంలో మా ఇల్లు మూడు లాంతర్ల దగ్గరి పైడితల్లమ్మ గుడికి నడిచేంత దూరం. కాబట్టి మొదటి దర్శనం ఆ అమ్మవారిదే. దసరా వెళ్లిన మంగళవారం అమ్మవారి జాతరలో సిరిమాను తిరిగేటప్పటికి మేం ఉండమని, అమ్మ ఆ బాకీ ముందే తీర్చేసింది. చంటిపిల్లల్ని పట్టుకుని సిరిమాను సంబరానికి వెళ్లడం నాకెప్పుడూ ఇష్టం లేదు, ఆ జనంలో మనకే ఊపిరాడదు. మామూలు రోజు పొద్దున్నే వెళ్తే అమ్మవారి ఎదురుగా రెండు నిమిషాలు నిలబడనిస్తారు.

అసలు తగువు ఫోటో స్టూడియోలో వచ్చింది. వీసా ఫోటో 35 మిల్లీమీటర్లు, 45 మిల్లీమీటర్లు. వెనక లేత రంగు తెర, నోరు మూసి ఉండాలి, కళ్లు తెరిచి ఉండాలి, మొహాన్ని ఏదీ కప్పకూడదు. ఏడాదిన్నర పిల్లాడితో ఇవన్నీ ఒకేసారి కుదరడం అంటే మాటలు కాదు. పైగా వాడి బుగ్గ మీద అరచేతి నడిమంత దిష్టి చుక్క. తుడవాలన్నాడు స్టూడియో కుర్రాడు. "ఊరంతా తిప్పుతూ తుడిచేయమంటావేటి బాబూ?" అని అమ్మ అడ్డం కూర్చుంది. చివరికి బుగ్గ మీద తుడిచి అరికాలికి పెట్టడానికి రాజీ కుదిరింది. కాలు ఫోటోలో పడదు కదా. కుర్రాడికి ఇలాంటివి అలవాటే అనుకుంటాను, పక్క బల్ల మీద కాటుక డబ్బా తయారుగా ఉంది.

ఇంకో పని టీకాల కార్డు. జర్మనీలో 2020 మార్చి నుంచి ఓ చట్టం ఉంది: శిశు సంరక్షణ కేంద్రంలో, బడిలో చేరే పిల్లలకి తట్టు టీకా పడిందని రుజువు చూపించాలి. ఏడాది నిండితే ఒక డోసు, రెండేళ్లు నిండితే రెండు. మన దగ్గర తొమ్మిది నెలలు నిండాక ఒకటి, పదహారు నుంచి ఇరవైనాలుగు నెలల మధ్య ఒకటి వేస్తారు కాబట్టి లెక్క సరిపోతుంది, కార్డు ఉంటే. మా పెద్దదాని కార్డు నేను పురిటికి వచ్చినప్పటి నుంచీ అమ్మ ఇనప్పెట్టెలో, పట్టుచీరల అడుగున, నాఫ్తలీను వాసనతో భద్రంగా ఉంది. చిన్నోడి రెండో డోసు ఏఎన్‌ఎం గారు వేసి తేదీ రాసి సంతకం పెట్టారు. ఎడమ జబ్బ మీద బీసీజీ మచ్చ చూసి "అక్కడ పిల్లలకీ ఉంటాదా?" అని ఆవిడ అడిగారు. అక్కడ ఆ టీకాని 1998 నుంచి సిఫారసు చేయడం లేదు. ఈ మచ్చ వీళ్లు తోడు తీసుకెళ్లేదే.

అక్కణ్నుంచి మా అత్తవారి ఊరు, ఆమదాలవలస. రైల్వేవాళ్ల బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉండే స్టేషను. దారిలో పొందూరులో దిగాం, ఎందుకంటే మా మావయ్యగారు కట్టేది పొందూరు పంచె ఒక్కటే, మనవలకి ఆ నూలు వడకడం చూపించాలని ఆయన పట్టు. పొడి మాటల్లో చెబితే పెద్దది వినేది కాదు. కానీ పత్తిని శుభ్రం చేయడానికి అక్కడి ఆడవాళ్లు వాలుగ చేప దవడ వాడతారు, సన్నని పళ్లతో దువ్వెనలా ఉంటుంది. చేప పళ్లతో దూది దువ్వడం చూశాక అది కదిలితే ఒట్టు. మావయ్యగారు పాతబడి మెత్తబడ్డ పంచెలు రెండు మడిచి ఇచ్చారు, చిన్నోడికి పక్క మీద వేయడానికి. ఆ ఇంట్లో మాకు దక్కిన వాటిల్లో సూట్‌కేసులో పెట్టడానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేనిది అదే.

అరసవల్లిలో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చిలోనూ అక్టోబరులోనూ. మేం వెళ్లేసరికి ఆ రోజులు దాటిపోయాయి. ఎండ మాత్రం మా నడినెత్తిన పడింది. పిల్లలతో అయితే శ్రీకూర్మమే మేలు. విష్ణువు కూర్మావతారంలో పూజలందుకునే ఆ గుడిలో బతికున్న నక్షత్ర తాబేళ్లు ఉంటాయి. తోటకూర కాడ అందిస్తే మెడ చాపి కొరుకుతాయి. అర్చకులు చెప్పిన స్థలపురాణం ఒక్క ముక్క మా వాళ్లకి ఎక్కలేదు. తాబేలు ఆకు నమిలే చప్పుడు మాత్రం చిన్నోడు ఇంటికొచ్చాక కూడా చేసి చూపించాడు. అత్తయ్యగారికి వాడు మొదటిసారి చేరువైంది ఆ రాత్రే. ఆవిడ తాబేలయింది, వాడు ఆకు పట్టుకున్నాడు.

ఇక మా మేనమామ ఊరు బారువ. రైలు నౌపడ దగ్గరకి వచ్చేసరికి ఉప్పుమడుల పక్కన తెల్లటి కుప్పలు కనిపించి పెద్దది "మంచు!" అని అరిచింది. పెట్టెలో ఉన్నవాళ్లందరూ నవ్వారు. పలాసలో దిగి కారు మాట్లాడుకున్నాం. ఉద్దానంలోకి వెళ్తుంటే రోడ్డుకి రెండు వైపులా జీడితోటలు, మామిడి, పనస, కొబ్బరి. చెట్ల మధ్య ఖాళీలు ఇప్పటికీ తెలుస్తాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది ఇక్కడే, వజ్రపుకొత్తూరు వైపు. లక్షల కొబ్బరి చెట్లు నేలకూలాయి. మా మేనమామ తోటలో నిలబడినవి చేతివేళ్ల మీద లెక్కే. ఆ మరుసటేడు నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే గెల వేస్తున్నాయి. కొబ్బరికి అంత కాలం పడుతుంది. ఆయన మా పెద్దదాన్ని ఆ చెట్ల పక్కన నిలబెట్టి చూసి, "దీని ఈడువే" అన్నారు.

మేనమామ మా ఊరు వచ్చి మమ్మల్ని సాగనంపలేరు. వారానికి రెండుసార్లు పలాస వెళ్లి డయాలిసిస్ చేయించుకుంటారు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. దశాబ్దాలుగా ఎందరో వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు, మన్ను పట్టుకెళ్లారు, కారణం ఇదీ అని ఇంకా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు, హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో ఈ ఊళ్లకి తెచ్చారు.  ఎవరింటికి తప్పకుండా వెళ్లాలి అన్నదానికి నాకు ఇంతకన్నా గట్టి కొలత దొరకలేదు: కదిలి రాలేనివాళ్ల ఇంటికి. తక్కినవాళ్లు అలుగుతారు, అలిగే ఓపిక వాళ్లకి ఉంది.

ఆ ఇంట్లోనే మా అమ్మమ్మ ఉంది. తొంభై దగ్గర పడుతున్నాయి. చూపు తగ్గింది, జ్ఞాపకం తగ్గలేదు. చిన్నోడు ఆవిణ్ని చూడగానే గుక్కపెట్టాడు. దగ్గరికి తీసుకోబోతున్న నన్ను ఆవిడే వారించింది. "ఒగ్గీ. నానూ అలగే సేసేను."

ఆవిడ చెప్పేది ఆవిడ తండ్రి సంగతి. అప్పట్లో బారువ, కళింగపట్నం రేవుల నుంచి ఓడలు రంగూన్‌కి వెళ్లేవి. ఈ తీరం మగవాళ్లు వేలల్లో అక్కడి బియ్యం మిల్లుల్లోకీ రేవుల్లోకీ కూలికి పోయేవారు. రంగం (రంగూన్) వెళ్లాడు అంటే పెళ్లాన్నీ పిల్లల్నీ ఇక్కడ వదిలేసి వెళ్లాడని అర్థం. 1942 మార్చిలో జపాను సేనలు రంగూన్‌ని పట్టుకున్నాయి. ఓడ దొరకనివాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. అలా వచ్చినవాళ్లలో ఆయనొకరు. "గడ్డం, పుల్లల్లాంటి కాళ్లు. అమ్మ ఏడుస్తంది, అయ్యని పిలవమంటంది. నాను గాదె ఎనకాల దూరిపోయేను. ఎన్నాళ్లో ఆయన కాడికి పోలేదు." ఆ మాటలో నొప్పి ఏమీ లేదు, ఎవరో పొరుగు పిల్ల సంగతి చెప్పినట్టు చెప్పింది. తర్వాత ఇంకో మాట అంది. "అయ్య ఏటీ అనీవోడు కాదు. అరుగు మీద కూకుని తాటాకు బొమ్మలు సేసీవోడు. బొమ్మ కోసం నానే ఎల్లేను."

ఆవిడా అదే చేసింది. వాణ్ని పిలవలేదు, చేయి చాపలేదు. మంచం మీద కూర్చుని పనసపొట్టు కొట్టే అత్తని చూస్తూ, కొబ్బరాకు ఈనెలు చీరుతూ ఉండిపోయింది. మర్నాడు సాయంత్రానికి మా వాడు ఆవిడ మంచం కోడు పట్టుకుని నిలబడ్డాడు. ఆ పైరోజు ఆకు బూర కోసం ఒళ్లోకెక్కాడు. నాలుగిళ్ల ప్రయాణంలో ఇది జరిగేది కాదు.

పక్కింటి అన్నయ్య గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు, నౌకల యార్డులో వెల్డరు. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో ఇంటికొకరు ఆ పనుల మీద పోతారు. జీతం ఒక మెట్టు దాటితే గానీ అక్కడ కుటుంబానికి వీసా ఇవ్వరు, ఆ మెట్టు వీళ్లకి అందదు. "నువ్వు గుంటల్ని అట్టుకెల్తన్నావు, మేం గుంటల కోసమని ఒగ్గేసి ఎల్తన్నాం" అన్నాడు నవ్వుతూనే. ఫోను చేసే వేళల గురించి నాకు పనికొచ్చే సలహా ఇచ్చింది కూడా అతనే. రోజూ చేస్తానని ఒప్పుకోవద్దు, వారానికి ఒక వేళ పెట్టుకుని తప్పకుండా చెయ్యి అన్నాడు. లెక్క వేశాం. చలికాలంలో జర్మనీ మనకి నాలుగున్నర గంటలు వెనక, వేసవిలో మూడున్నర. అమ్మమ్మ రాత్రి ఎనిమిదికి పడుకుంటుంది. అప్పటికి అక్కడ మధ్యాహ్నం మూడున్నర, నేను ఆఫీసులో, పిల్లలు కేంద్రంలో. కాబట్టి ఆదివారం సాయంత్రాలు.

బయల్దేరే ముందు మూటలు. ఏవి తీసుకెళ్లొచ్చో ఐరోపా నిబంధనలు ముందే చదివి పెట్టుకున్నాను. పాలతో చేసినవి, మాంసం పనికిరావు. మందస కోవా, నెయ్యి రెండూ పోయినట్టే. పళ్లకీ మొక్కలకీ తనిఖీ సర్టిఫికెట్ కావాలి, అనాస, అరటి, ఖర్జూరం, డూరియన్, కొబ్బరి తప్ప. అంటే ఉద్దానం కొబ్బరికాయ నిక్షేపంలా దిగొచ్చు, కరివేపాకు దిగకూడదు. చేపలు మనిషికి 20 కిలోల వరకూ పరవాలేదు. ఎండుచేపలు వాసనొస్తాయని తీసి పక్కన పెట్టిన అత్త, చట్టం వాటి పక్షాన ఉందని తెలిసి పొంగిపోయింది. మా ఆయన మొహం మాత్రం మాడింది, ఆ సూట్‌కేసు మోయవలసింది ఆయనే మరి.

విజయనగరం తిరిగొచ్చేసరికి వరండాలో బొబ్బిలి పెద్దమ్మ కూర్చుని ఉంది. ముందురోజే వచ్చిందట. మా వాళ్లకి గొల్లపల్లిలో చేసిన చిన్న వీణ బొమ్మ తెచ్చింది, పనస చెక్కది. పక్కన మూడు సీసాల నెయ్యి.

"మీరు రారని తెలిసే వొచ్చేను. గుంటల్ని సూడకండా ఎల్లనిస్తానా?"

నెయ్యి ఆ దేశంలోకి రానివ్వరని చెప్పింది అమ్మ.

"ఏం, ఆల్లకి ఆవుల్లేవేటి?"

"ఉన్నాయి పెద్దమ్మా, అందుకే మనది వొద్దంటన్నారు."

"సరే అయితే," అని సీసా మూత తీసి, పెద్దదాని కంచంలో ముద్దపప్పు మీద ఒంపింది. "ఎల్లేలోగా తినేస్తారు. నాను ఉంటానులే."