ఫిలింలో పడని నొప్పి

నా కాలినొప్పికి మా ఇంట్లో గుర్తింపు రావడానికి మూడు వారాలు పట్టింది. నేను కుంటుతుంటే అందరూ చూశారు గానీ ఎవరూ నమ్మలేదు. నమ్మకపోవడానికి వాళ్ల దగ్గర సాక్ష్యం కూడా ఉంది. ఎక్స్‌రే ఫిలిం!

అసలు సంగతేమిటంటే, అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కుతానని నాకో మొక్కుంది. 3,550 మెట్లు. యాభై నాలుగేళ్లొచ్చిన కాళ్లకి కాస్త అలవాటు చేద్దామని ఉదయంపూట నడక మొదలెట్టాను. మొదటివారం అరగంట. ఒళ్లు తేలికపడ్డట్టనిపించేసరికి హుషారెక్కి, రెండోవారానికల్లా గంటన్నర చేసేశాను. సాయంత్రం మేడమెట్లు అదనం. కాళ్లకి అరిగిపోయిన పాత చెప్పులే. పదిహేనోరోజున పాదం మీద, రెండోవేలికి ఎగువన సలుపు మొదలైంది. నడిస్తే ఎక్కువ, కూర్చుంటే మాయం. కూర్చుంటే పోతోంది కదా అని ఊరుకున్నాను. కూర్చునే తీరిక ఎక్కడిదో మీరే చెప్పండి!

పాదం వాచాక డాక్టరు దగ్గరికెళ్లాం. ఫిలిం తీయించి, "ఏమీ లేదు, బెణికి ఉంటుంది" అని బిళ్లలిచ్చారు. ఆ 'ఏమీ లేదు'ని మావారు ప్రసాదంలా ఇంటికి మోసుకొచ్చి అందరికీ పంచారు. ఫోన్లో మా ఆడపడుచుకి కూడా చెప్పారు. నిజం చెప్పొద్దూ, నాక్కూడా అనుమానమొచ్చింది, పనికి బద్ధకించి నేనే నొప్పి తెచ్చుకుంటున్నానేమోనని. అత్తయ్యగారొక్కరే ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున చూస్తే స్టవ్ పక్కన ఆవిడ స్టూలు వేసి ఉంది.

మూడోవారం మరో ఎముకల డాక్టరుగారు పాదమ్మీద ఒకేచోట వేలితో నొక్కారు. కెవ్వుమన్నాను. మళ్లీ ఫిలిం తీయించి వెలుతురుకి పెట్టి చూపించారు. ఎముక చుట్టూ మబ్బుతునకలాంటిది. "సన్నని బీట అమ్మా. మొదట్లో చాలామందికి ఫిలింలో పడదు. అతకడం మొదలయ్యాక ఇలా తెలుస్తుంది" అన్నారు.

ఎముక కూడా ఎప్పుడూ మరమ్మతులో ఉండే ఇల్లేనట. పాతది తవ్వేసి కొత్తది కట్టుకుంటూ ఉంటుంది. మనం ఒక్కసారిగా భారం పెంచితే తవ్వడం ముందు, కట్టడం వెనక. ఆ సందులోనే బీట. ముట్లుడిగాక ఎముక పలచబడుతుంది కనక మన వయసు వాళ్లకి మరింత సులువు.

కవాతు చేసే సిపాయిలకి ఇలాగే పాదాలు వాచి నొప్పెడుతున్నాయని 1855లోనే ఒక ప్రష్యన్ సైనికవైద్యుడు రాసిపెట్టాడట. ఎక్స్‌రే పుట్టింది 1895లో. అది ఎముక బీట అని తేలింది ఆ తరవాతే. ఫిలిం లేకపోయినా ఆయన సిపాయిల నొప్పిని నమ్మాడు చూశారా!

గట్టి అట్టున్న బూటు, ఆరువారాల విశ్రాంతి రాశారు డాక్టరుగారు. ఆ తరవాత నడక పదినిమిషాలతో మొదలెట్టి మెల్లగా పెంచుకోమన్నారు. మొక్కు వచ్చే ఏడాదికి వాయిదా పడింది. ఈలోగా మావారికి చారు పెట్టడం వచ్చింది, ఉప్పు సంగతి అడక్కండి.

ఇప్పుడు ఎవరింటికొచ్చినా ఆ రెండో ఫిలిం కిటికీకి పెట్టి, పెన్సిలుతో చూపిస్తూ ఆయనే వివరిస్తున్నారు.

"నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉందండీ!"

అత్తయ్యగారు నావైపు చూసి, చిక్కుళ్లు ఈనెలు తీసుకుంటూ కూర్చున్నారు.